పసిబిడ్డతో పరాయి ఊరిలో రాత్రి బస



డిసెంబరు వచ్చిందంటే కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల నుండి ఎన్నో కుటుంబాలు మెదక్‌కు ప్రయాణమవుతాయి. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కట్టించిన ఆ పెద్ద చర్చికి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. క్రిస్మస్ తెల్లవారుజామున జరిగే ఆరాధనకు అందుకోవాలని చాలామంది ముందురోజే వెళ్లి, దొరికిన గదిలోనో, గుడారంలోనో పడుకుంటారు. పెద్దవాళ్లకు చాప, దుప్పటి చాలు. చంకలో పసిబిడ్డ ఉంటే మాత్రం కొంచెం ఆలోచించాలి.

వెళ్లవద్దని మేము చెప్పము. గది చిన్నదైనా ఫరవాలేదు. బిడ్డకు కావలసినవి మూడే: శుభ్రమైన పాలు, వెచ్చదనం, సమయానికి వైద్యం. అయితే నెల నిండని బిడ్డను, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను, దగ్గు జ్వరం ఉన్న బిడ్డను ఈసారికి ఇంటి దగ్గరే ఉంచండి.

1. పాలు, నీళ్లు

ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ వద్దు. మంచినీళ్లు, గ్లూకోజు నీళ్లు, తేనె ఏవీ పట్టకూడదు. కొత్త ఊరి నీళ్లు ఎలాంటివో మనకు తెలియదు. తల్లిపాలకు ఆ భయం లేదు. జనం మధ్య పాలివ్వడానికి తల్లి మొహమాటపడితే, అత్తమ్మగారు ఒక చీర అడ్డం పట్టండి. అది కూడా బిడ్డకు చేసే సేవే.

డబ్బాపాలు తాగే బిడ్డకు పాలసీసా కన్నా స్టీలు ఉగ్గుగిన్నె, చెంచా మేలు. వాటిని మరిగించి శుభ్రం చేయడం సులభం. నీళ్లు తెర్లిన తరువాత కనీసం ఒక నిమిషం మరగనివ్వండి. ఏ పూట పాలు ఆ పూటే కలపండి, మిగిలినవి పారబోయండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు అప్పుడే వండిన వేడి అన్నం, పప్పు, మన చేతితో ఒలిచిన అరటిపండు పెట్టవచ్చు. పెట్టే ముందు చేతులు సబ్బుతో కడగాలి.

2. పడక, వెచ్చదనం

చలికి బిడ్డ తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు వేసి తల్లి ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి. పాదాలు చల్లగా తగిలితే వెచ్చదనం చాలలేదని అర్థం. చలి అని తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి. ఆ విషవాయువుకు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణాలు పోతాయి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. నలుగురు పడుకునే చోట మధ్యలో వేయకండి, బరువైన దుప్పటి ముఖం మీదికి రానీయకండి. మడత దోమతెర ఒకటి వెంట ఉంచుకోండి.

3. విరేచనాలు మొదలైతే

ఇంటి నుండే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, జింకు మాత్రలు తీసుకువెళ్లండి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. 24 గంటల తరువాత పారబోయాలి. రెండేళ్ల లోపు బిడ్డకు విరేచనం అయిన ప్రతిసారి పావు నుండి అర గ్లాసు వరకు చెంచాతో పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా పట్టండి. తల్లిపాలు ఆపవద్దు. 20 మిల్లీగ్రాముల జింకు మాత్ర రెండు నుండి ఆరు నెలల బిడ్డకు రోజుకు సగం, ఆరు నెలలు దాటితే ఒకటి. విరేచనాలు తగ్గినా 14 రోజులు వేయాలి.

దుకాణంలో దొరికే తీపి పానీయాలు ఓ.ఆర్.ఎస్. కావు. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడగా, అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది.

4. ఆలస్యం చేయకూడని గుర్తులు

పాలు తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, మూర్ఛ, మగతగా పడి ఉండడం, కళ్లు గుంటలు పడడం, విరేచనంలో రక్తం, డొక్కలు ఎగరేయడం. రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం వచ్చినా, ఒళ్లు చల్లబడినా ఇదే మాట. ఆరాధన అయ్యాక చూద్దాం, తెల్లవారనీ అనకండి. వెంటనే 108కి ఫోను చేయండి. టీకాల కార్డు చేతిలో ఉంచుకోండి. గల్ఫ్ నుండి బిడ్డను తీసుకుని తాతగారి ఊరికి వచ్చేవారు కూడా అక్కడి టీకాల కార్డు మరువవద్దు.

ఇంట్లో మాట్లాడుకోండి

బయలుదేరే ముందురోజు అందరూ కూర్చుని ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి.

- బిడ్డ పాలకు, నీళ్లకు మన ఏర్పాటు ఏమిటి?
- రాత్రి బిడ్డ ఎవరి పక్కన, ఎలా పడుకుంటుంది?
- అర్ధరాత్రి బిడ్డకు సుస్తీ చేస్తే ఏ ఆసుపత్రికి, ఏ బండిలో, ఎవరు వెంట వెళ్తారు?

మూడో ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతే మూట సర్దండి.