వానకాలపు టైరు: పాత రోడ్డు సైకిలు కొన్నవారికి ఒక పాఠం

చలిదేశాలలో శీతకాలం రాగానే సైకిళ్ళకు వేరే టైర్లు వేస్తారు. ఫిన్లాండు వంటి చోట్ల గడ్డకట్టిన దారులపై పట్టు కోసం చిన్న లోహపు మేకులు పొదిగిన టైర్లు వాడుకలో ఉన్నాయి. చెన్నైలో మంచు లేదు. ఇక్కడి శీతకాలం వానతోనే ప్రవేశిస్తుంది. ఏటా కురిసే సుమారు 1,400 మిల్లీమీటర్ల వర్షంలో సగానికి పైగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనాల కాలంలోనే పడుతుంది. తెలంగాణ, ఉత్తరాంధ్ర ప్రాంతాల నుండి వచ్చి నైరుతి వానలకే అలవాటుపడినవారికి ఈ కాలభేదం కొత్త. పనికో చదువుకో వెళ్ళడానికి తక్కువ ధరకు పాత రోడ్డు సైకిలు కొన్నవారు సెప్టెంబరులోనే టైర్ల సంగతి చూసుకోవడం మేలు.

ముందుగా ఉన్న టైరును పరీక్షించాలి. గాలి తీసి, టైరు పక్కభాగాన్ని వేళ్ళతో వంచి చూస్తే సన్నని పగుళ్ళు బయటపడతాయి. నేలను తాకే భాగం గుండ్రదనం కోల్పోయి చదునైనా, లోపలి దారాలు కనిపించినా, గాలి నింపినప్పుడు ఎక్కడైనా ఉబ్బినా ఆ టైరును మార్చవలసిందే. చాలాకాలం మూలపడి ఉన్న సైకిలు టైరు అరగకపోయినా, దాని రబ్బరు గట్టిపడి తడి నేలపై పట్టు తగ్గి ఉండవచ్చు.

రెండవది కొలత. టైరు పక్కన 25-622 వంటి అంకె ముద్రించి ఉంటుంది. ఇందులో 25 టైరు వెడల్పు, 622 టైరు రిమ్ముపై కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. దీనినే 700×25సి అని కూడా వ్రాస్తారు. తెలుగు ఊళ్ళలో పాలకాన్లు మోసే పెద్ద నల్ల సైకిలు టైరు కొలత 635. పాత 27 అంగుళాల రోడ్డు సైకిళ్ళది 630. 622నూ 635నూ కూడా 28 అంగుళాలనే పిలవడం కద్దు. కనుక అంగుళాల మాట నమ్మి కొనరాదు. వ్యాసం పెద్దదైన టైరు రిమ్ముపై బిగువుగా నిలవదు, నడుస్తుండగా ఊడిపోవచ్చు. తమిళం ఇంకా రానివారు ఈ అంకెను కాగితంపై వ్రాసి దుకాణంలో చూపితే చాలు. అంకెకు భాషాభేదం లేదు.

మూడవది వెడల్పు. పాత రోడ్డు సైకిళ్ళకు తరచు 23 మిల్లీమీటర్ల టైర్లు ఉంటాయి. చోటుంటే 25 గాని 28 గాని వేసుకోవడం వానకాలానికి మంచిది. వెడల్పైన టైరులో గాలి కొంత తక్కువ ఉంచవచ్చు. గుంతల దెబ్బకు ట్యూబు చిట్లే ప్రమాదమూ తగ్గుతుంది. అయితే టైరుకూ, బ్రేకుకూ, చట్రానికీ నడుమ అన్నివైపులా కనీసం 4 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. మడ్‌గార్డు బిగించదలిస్తే ఇంకా ఎక్కువ కావాలి.

నాలుగవది రబ్బరు. లోతైన గాట్లున్న టైరే వానలో జారదని చాలామంది భావిస్తారు. కారు టైరు విషయంలో అది నిజం. సైకిలు టైరు సన్నగా, గుండ్రంగా ఉండి నీటిని తానే పక్కకు తోసివేస్తుంది. తారురోడ్డుపై గాట్లకన్న రబ్బరు మెత్తదనమే ముఖ్యం. దానితోపాటు పంక్చర్లను అడ్డుకునే పొర ఉన్న టైరును అడగాలి. తడిసిన గాజుపెంకు రబ్బరును సులువుగా కోస్తుంది.

ఐదవది గాలి. 28 మిల్లీమీటర్ల టైరుకు, 70 కిలోల మనిషికి, 70 నుండి 80 పీఎస్‌ఐ సుమారుగా సరిపోతుంది. వానరోజున 5 తగ్గించవచ్చు. ఏ స్థితిలోనూ టైరుపై ముద్రించిన హద్దులు దాటరాదు.

డబ్బు ఒక్క టైరుకే చాలినప్పుడు కొత్తదానిని ముందు చక్రానికే వేయాలి. వెనుక చక్రం జారితే సర్దుకునే వీలుంటుంది. ముందు చక్రం జారితే మనిషి పడిపోవడమే తరచు జరుగుతుంది. టైరుపై బాణం గుర్తు ఉంటే అది చక్రం తిరిగే దిశకు ఉండేట్లు బిగించాలి. కొత్త టైరు పైపొర నునుపుగా ఉంటుంది కనుక తొలి కొద్ది రోజులు మలుపుల వద్ద నెమ్మదిగా వెళ్ళాలి.

టైరు ఎంత మంచిదైనా దానికి హద్దులున్నాయి. తడిసిన రిమ్మును బ్రేకు రబ్బర్లు వెంటనే పట్టవు; అందుచేత ముందుగానే, మెల్లగా నొక్కాలి. తెల్లరంగు పూసిన దాటుదారులు, మ్యాన్‌హోల్ మూతలు, ఎండ తరువాతి తొలి జల్లుకు తేలే నూనె చాలా జారుడువి. వాటిపై వంగి తిరగరాదు. నీరు నిలిచిన సబ్‌వేలోకి, అడుగు కనిపించని వీధిలోకి సైకిలు దింపరాదు. అక్కడ తెరిచిన కాలువ ఉన్నదో లేదో ఏ టైరూ చెప్పలేదు. దిగి, వెనుదిరిగి, చుట్టుదారిన వెళ్ళడమే క్షేమం.