కరవునాటి నీరు – పొదుపు, పరిశుభ్రత

నీరు కొరతపడిన యేట గృహస్థునకు రెండు ఆపదలు కలుగును. మొదటిది దాహము, అది అందరికిని తెలియును. రెండవది రోగము; అది నిలువచేసిన నీటిలో దాగియుండును. నీటిని పొదుపు చేయుట యెంత అవసరమో, పొదుపు చేసిన నీటిని కాపాడుటయు అంత అవసరము.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి పట్టణమున ఉక్కు కర్మాగారపు తొలి కొలిమి 1959లో ప్రారంభమైనది. నాటి కాలము నుండి ఎన్నో తెలుగు కుటుంబములు అచ్చట స్థిరపడినవి. చేరువనే శివనాథ్ నది కలదు. కర్మాగారమునకు తాందుల జలాశయపు నీరు అందుచున్నది. అయినను ఈ నీటికంతటికిని ఆధారము జూన్ మొదలు సెప్టెంబరు వరకు కురియు వానయే. ఆ వాన తప్పినచో స్మృతి నగర్ వంటి నివాస ప్రాంతములకును నీటి చింత తప్పదు.

2017లో వర్షాభావము వలన ఆ రాష్ట్రమున అనేక తహసీళ్లు కరవు ప్రాంతములుగా ప్రకటింపబడినవి. మరుసటి యేడు వర్షాకాలమున భిలాయిలో డెంగీ జ్వరము వ్యాపించి పలువురి ప్రాణములను బలిగొన్నది. ఒకటి రెండవదానికి కారణమని చెప్పుట కాదు. కాని కరవునాడు ప్రతి యింటను డ్రమ్ములు, తొట్లు నీటితో నిండును. మూతలేని తొట్టి డెంగీ దోమకు పుట్టినిల్లు. ఈ సంగతి మరువరాదు.

తగ్గింపదగిన చోటులు

కారుచున్న కుళాయి క్రింద ఒక గ్లాసు నుంచుడు. 200 మిల్లీలీటర్ల గ్లాసు అరగంటలో నిండినచో దినమునకు 9 లీటర్లకు పైగా వ్యర్థమగుచున్నదన్నమాట. ముందుగా దానిని బాగుచేయింపుడు. స్నానమునకు షవరు మాని బకెట్టు వాడుడు. పండ్లు తోముకొనునపుడు కుళాయి కట్టివేయుడు. బియ్యము, కూరలు కడిగిన నీరు మొక్కలకు పనికివచ్చును. బట్టలు జాడించిన నీరు నేల కడుగుటకును, మరుగుదొడ్డికిని చాలును.

తగ్గింపరాని చోటులు

త్రాగునీరు తగ్గింపరాదు. మలవిసర్జన తరువాతను, వంటకును భోజనమునకును ముందును సబ్బుతో చేతులు కడుగుకొనుట మానరాదు. ఇందుకు చెంబెడు నీరు చాలును. ఈ చెంబెడు నీటికి వెనుదీసినచో అతిసారము ఇల్లు చొచ్చును. విరేచనములు పట్టిన బిడ్డకు ఓ.ఆర్.ఎస్. పొట్లమును అందు వ్రాసిన కొలత ప్రకారము శుద్ధజలమున కలిపి మాటిమాటికి త్రాగింపవలెను, వైద్యునకు చూపవలెను.

నిలువనీటి రక్షణ

త్రాగునీటి బిందెకు మూత యుండవలెను. చేయి ముంచక, పొడుగు కాడ గల గరిటెతో నీరు తీయవలెను. ట్యాంకరు నీటిని, శుద్ధి తెలియని నీటిని తెర్లునట్లు కాచి, చల్లార్చి త్రాగవలెను.

డెంగీ దోమ పగటివేళ కుట్టును. పరిశుభ్రమైన నిలువనీటనే పెరుగును. గ్రుడ్డు దోమగా మారుటకు వారము పది దినములు పట్టును. కావున డ్రమ్ములను, కూలరు తొట్టిని వారమునకొకసారి ఖాళీచేసి, లోపలి గోడలను గట్టిగా తోమి ఆరనీయవలెను. ఏలయనగా ఆ గోడల కంటుకొనిన గ్రుడ్లు నీరులేకయే నెలల తరబడి బ్రతుకగలవు. తీసిన నీటిని మొక్కలకు పోయుడు. తోముటకు వీలులేని తొట్టిని మూతతోగాని దట్టమైన గుడ్డతోగాని బిగించి కప్పుడు. జ్వరము వచ్చినచో వెంటనే వైద్యుని చూడుడు. స్వయముగా ఆస్పిరిన్ మ్రింగరాదు.

రాబోవు వానకు సిద్ధపడుట

నూరు చదరపు మీటర్ల డాబాపై పది మిల్లీమీటర్ల వాన కురిసినచో వేయి లీటర్ల నీరు పడును. డాబాను శుభ్రపరచి, తొలివాన నీటిని వదలివేసి, తరువాతి నీటిని గొట్టము ద్వారా మూతగల తొట్టికిగాని ఇంకుడు గుంతకుగాని మళ్లింపవచ్చును. ఇరుగుపొరుగులు కలిసి చేసినచో వీధి యంతటికిని మేలు.

జ్ఞాపక ముంచుకొనుడు: వృథాను అరికట్టుడు, చేతుల శుభ్రత విడువకుడు, నీటిపై మూత వేయుడు, వారమునకొక దినము తొట్లు ఆరనీయుడు. వాన మన చేతిలో లేదు; ఇంటిలోని నీరు మన చేతిలోనే యున్నది.