నడి ఓడలో గది

ప్రశ్న: మాది ఫిల్మ్ నగర్. ‘అందాల రాముడు’ చూచిన నాటినుండి మా అత్తగారికి పడవ ప్రయాణముపై మక్కువ. ఆమెతోను, పిల్లలతోను విశాఖనుండి ఓడలో విహరింపవచ్చునా?

జవాబు: నిస్సంశయముగా విహరింపవచ్చునమ్మా. 1973 నాటి ఆ చిత్రములోని పడవ గోదావరిపై భద్రాద్రికి సాగినది, సముద్రస్వభావము వేరు. 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ నౌక విశాఖ రేవునుండి యాత్రికులను చెన్నపట్టణమునకు కొనిపోయినది. 2023 సెప్టెంబరులో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైనది. అయినను ఓడలు ఏడాది పొడవునా లభింపవు కనుక, తేదీలు తెలిసిన పిమ్మటనే సెలవులు నిశ్చయించుకొనుడు.

కెరటములపై ఓడ ఊగునపుడు దాని కొనలు మిక్కిలి లేచిపడుచుండగా నడుమ కదలిక స్వల్పముగా నుండును గావున, బాల్కనీ శోభకు ఆశపడక, క్రింది అంతస్తున నౌకామధ్యమందలి గదినే కోరుడు. వృద్ధులతో పోవువారికి నేను ముఖ్యముగా చెప్పు మాట యిదియే. వాంతినివారణ మాత్రను వికారము పుట్టిన పిదప గాక, వైద్యుని అడిగి, ముందుగనే ఇయ్యవలెను. తుఫానులు తరచుగా పుట్టు అక్టోబరు, నవంబరు మాసములు వలదు. అత్తగారి నిత్యౌషధములు చేతిసంచిలోనే ఉంచుడు. దేశీయ రేవుల యాత్రకు పాస్‌పోర్టు అక్కరలేదు గాని, పిల్లలకు సైతము గుర్తింపుపత్రము కావలెను. రైలు ఆలస్యమైనచో ఓడ వేచియుండదు. ఒకరోజు ముందుగానే విశాఖ చేరుడు.