నీలి నాలుక నలికిరి: పెంపకంలో తొలి పాఠాలు

ఫార్మలిన్ సీసాలో తెల్లబడిపోయిన నలికిరిని చూసి, రికార్డు పుస్తకంలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ప్రాణమున్న నలికిరి లాబరేటరీ మెట్లమీద ఎండ కాచుకుంటుంటే మాత్రం "అమ్మో, నలికండ్ల పాము!" అని చెప్పు తీసేవాళ్ళం. పేరులో పాము ఉందిగాని దానికి విషం లేదు. 1700కు పైగా జాతులున్న పెద్ద బల్లుల కుటుంబం అది. ఉద్యోగరీత్యా సిడ్నీ చేరాక ఆ కుటుంబంలో ఒక ఘనమైన సభ్యుణ్ణి ఇంట్లో పెంచే అవకాశం నాకు కలిగింది. సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం పంపమన్నారు గనుక ఆ అనుభవాన్నే రాస్తున్నాను.

దీన్ని నీలి నాలుక నలికిరి అందాం. శాస్త్రీయనామం టిలిక్వా సింకాయిడిస్. 1790లో అచ్చయిన జాన్ వైట్ యాత్రా గ్రంథంలో ఈ జాతికి పేరు పెట్టారు. అరవై సెంటీమీటర్ల దాకా పెరిగే లావుపాటి శరీరం, దానికి అతకని పొట్టికాళ్ళు. భయపెడితే నోరు తెరిచి వెడల్పాటి నీలి నాలుక చాపి బుసకొడుతుంది. అదంతా బెదిరింపే. సిడ్నీలో పెరటి తోటల్లో నత్తలు తింటూ తిరుగుతుంది. అలాగని పట్టి పెట్టెలో వేసుకుంటే నేరం. న్యూ సౌత్ వేల్స్‌లో లైసెన్సు తీసుకుని, లైసెన్సు గలవారి దగ్గరే పిల్లను తెచ్చుకోవాలి. "ఒకటి ఇండియాకు పట్టుకురారాదా?" అని అడిగే మిత్రులకూ ఇక్కడే జవాబు: ఆస్ట్రేలియా తన సరీసృపాలను ప్రాణాలతో వ్యాపారానికి ఎగుమతి చేయనివ్వదు.

కొత్తగా పెంచేవాడు మొదట తిండి గురించి అడుగుతాడు. అసలు అడగవలసింది వేడి గురించి. ఇది శీతలరక్త జంతువని మనం చదువుకున్నదేగదా. ఒంట్లో వేడి చాలకపోతే తిన్నది అరగదు. చురుగ్గా ఉన్నప్పుడు దీని శరీరం 30 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటుంది. అందుకని నాలుగడుగుల పెట్టెలో ఒక కొసన మాత్రమే దీపం పెట్టాలి. దానికింద రాయి కాలాలి, రెండో కొస చల్లగా ఉండాలి. ఎక్కడ పడుకోవాలో అదే తేల్చుకుంటుంది. పెట్టె అంతా ఒకే వేడిగా ఉంచితే దానికి తప్పించుకునే చోటు ఉండదు. రెండు కొసలా రెండు థర్మామీటర్లు పెట్టండి. చేత్తో తాకి చూసే లెక్క పనికిరాదు.

వేడితోబాటు అతినీలలోహిత కాంతి కూడా కావాలి. అది లేకపోతే డి విటమిన్ తయారుకాదు, కాల్షియం ఒంటబట్టదు, ఎముకలు మెత్తబడి వంకరపోతాయి. కిటికీ పక్కన పెట్టానుగదా అనుకోవద్దు. ఈ పనికి కావలసిన కిరణాలను గాజు చాలావరకు ఆపేస్తుంది. ప్రత్యేక దీపం కొనవలసిందే. ఆ దీపం వెలుగుతున్నట్టే ఉంటుంది గాని కొన్నాళ్ళకు ఆ కిరణాలు తగ్గిపోతాయి. కొన్న తేదీ దానిమీదే రాసుకోవడం మంచిది.

తిండి సులువే: ఆకుకూరలు, గుమ్మడి, నత్తలు, పురుగులు, కొద్దిగా మాంసం. పెద్దదానికి వారానికి రెండుసార్లు చాలు. ఉల్లి, అవకాడో పెట్టకూడదు. తోటలో నత్తలమందు చల్లి ఉంటే అక్కడి నత్తలు దీనికి విషం.

ఇక సంతానం. రెండు కొని జంట అనుకోవడం అందరూ చేసే పొరపాటే. ఆడ, మగ పైకి చూసి చెప్పడం కష్టం. మగవాటికి తల వెడల్పు అంటారు గాని దాన్ని నమ్మి రెండు మగవాటిని ఒకచోట పెడితే రక్తం చూస్తారు. ఈ జాతి ఏడాదిలో ఎక్కువ కాలం ఒంటరిగానే బతుకుతుంది. జతకట్టే రోజుల్లో మాత్రమే కలిపి, దగ్గర కూర్చుని గమనించి, వెంటనే విడదీయాలి. మగది పళ్ళతో పట్టుకుంటుంది గనుక ఆడదాని ఒంటిమీద గాట్లు పడతాయి. మూడేళ్ళు నిండితేగాని ఈడుకు రావు. ముందు శీతాకాలపు చలి కొన్ని వారాలు తగలాలి. అక్కడ జూన్, జూలైలే చలి నెలలు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా జతకట్టే కాలం.

ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. మూడు నుంచి అయిదు నెలల గర్భం, ఒక్క ఈతలో పాతిక దాకా పిల్లలు. పుట్టిన పిల్లలు మావిపొరను తినేసి, కొద్దిరోజుల్లో మొదటి కుబుసం విడుస్తాయి. తల్లికి వాటితో ఇక సంబంధం లేదు.

మా ఇంట్లో ఒక జనవరిలో పదమూడు పుట్టాయి. ఆ సంబరంలో అన్నిటినీ ఒకే తొట్టిలో ఉంచి కుటుంబమంతా చుట్టూ చేరి ఫోటోలు తీసుకున్నాం. మూడోనాటికి ఒకదాని వేళ్ళు ఇంకొకటి కొరికేసింది. ఆకలిమీద ఉన్న పిల్లలకు కదిలేదంతా తిండే. ఆ రాత్రికి రాత్రి పదమూడు డబ్బాలు, పదమూడు నీటి గిన్నెలు సమకూర్చలేక నేను పడ్డ అవస్థ మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

అంతకంటే పెద్ద చిక్కు తరువాత వచ్చింది. ఒక్కొక్కటి ఇరవై ఏళ్ళు బతుకుతుంది. వాటిని తోటలో వదలకూడదు, లైసెన్సు లేనివాళ్ళకు ఇవ్వకూడదు. పిల్లలకు చోటు చూసుకున్నాకే పెద్దవాటిని జతపరచాలి. నేను తిరగేసి చేశాను. హాస్టలు గదిలో ఉండి ఈ పని తలపెట్టేవాళ్ళు ముందు ఒక్కదాన్ని మూడేళ్ళు పెంచి చూడండి. ఆ మూడేళ్ళలో గది మారుతుంది, ఊరు మారుతుంది, ఉద్యోగం వస్తుంది. దాని దీపం మాత్రం రోజూ వెలగాలి.

పన్నెండు పిల్లలకు ఇళ్ళు దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది. వేళ్ళు పోయినదాన్ని ఎవరూ తీసుకోలేదు. అది మా ఇంట్లోనే ఉంది. గిన్నె చప్పుడు వింటే అన్నిటికంటే ముందు అదే బయటికి వస్తుంది.