సేవకు టికెట్టు కొనక్కర్లేదు

తమిళనాడులోని నాగలాపురం, కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు తెలుగిళ్ల నుంచి సలహా కోసం నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల చేతుల్లో ఈమధ్య ఒక బ్రోచర్ కనిపిస్తోంది. తెల్లకోటు వేసుకున్న కాలేజీ కుర్రాడు, చుట్టూ ఆఫ్రికా పిల్లలు. కింద ఫీజు లక్షల్లో. విమానం టికెట్టు వేరు, వీసా వేరు, బీమా వేరు. మూడు వారాలు అక్కడ వైద్య సేవ చేసొస్తే విదేశాల్లో సీటు ఖాయమని ఏజెంటు చెప్పాడట. అప్పు చేసైనా పంపుతామంటారు. పిల్లాడేమో తలొంచుకుని కూర్చుని ఉంటాడు, వాణ్ని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

మన దేశంలో ఎంబీబీఎస్ సీటు నీట్ ర్యాంకును బట్టి వస్తుంది. సేవా సర్టిఫికెట్‌కు అందులో ఒక్క మార్కూ లేదు. ఇక విదేశీ యూనివర్సిటీలంటారా, ఇలాంటి ప్యాకేజీలు వాళ్లకు కొత్తేమీ కావు. డబ్బు కట్టి గడిపిన మూడు వారాల గురించి కుర్రాడు ఎంతని రాస్తాడు? సొంత తాలూకాలో రెండేళ్లు విడవకుండా పనిచేసినవాడికైతే చెప్పుకోవడానికి బోలెడుంటుంది.

నాకు ఒళ్లు మండేది మరొకటి ఉంది. 'ఇంజెక్షన్లు వేసే అవకాశం' అని కొందరు ఆశ పెడతారు. ప్లస్ టూ కుర్రాడు మీ అమ్మకు సూది వేస్తానంటే ఒప్పుకుంటారా? మరి వేరే దేశపు పేదరాలి చేయి మీవాడు నేర్చుకోవడానికి ఎలా పనికొస్తుంది? రాని పని చేయించే సంస్థ ఎంత పేరున్నదైనా దాని గడప తొక్కొద్దు.

అసలు సంస్థల తీరు చూడండి. 1971లో ఫ్రాన్స్‌లో మొదలై 1999లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్, విదేశీ పనులకు విద్యార్థుల్ని తీసుకోదు. చదువయ్యాక కనీసం రెండేళ్ల పని అనుభవం అడుగుతుంది. తీసుకున్నాక జీతం, దారి ఖర్చులు తనే ఇస్తుంది. పైగా దానికి కావలసింది డాక్టర్లే కాదు. నర్సులు, ఫార్మసిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు, నీటి సరఫరా చూసే ఇంజినీర్లు, పద్దులు రాసేవాళ్లు, అందరూ కావాలి. 'సేవ చేయాలంటే ముందు డాక్టరవ్వాలి' అని పిల్లల్ని ఏళ్ల తరబడి లాంగ్ టర్మ్ కోచింగ్‌లో కుక్కే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

సేవకు విదేశాలే వెళ్లక్కర్లేదనడానికి మీ పక్క ఊరి మనిషే ఉదాహరణ. ఎట్టయపురం దగ్గరి వడమలాపురంలో 1918లో పుట్టిన గోవిందప్ప వెంకటస్వామిది తెలుగు మాట్లాడే రైతు కుటుంబం. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయినా లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. ఉద్యోగ విరమణ తర్వాత, 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టారు. అది ఇప్పుడు తిరుపతి దాకా వచ్చింది. దాన్ని నడిపించినవాళ్లలో ఐఐఎం కలకత్తాలో చదివిన తులసిరాజ్ ఉన్నారు, ఆయన డాక్టరు కాదు. ప్లస్ టూ అయిన పల్లెటూరి అమ్మాయిలకు స్టైపెండ్ ఇచ్చి రెండేళ్లు శిక్షణనిచ్చి, కంటి పరీక్షల నుంచి ఆపరేషన్ థియేటర్ సాయం దాకా వాళ్లకే అప్పగించారు. ఆడపిల్ల ఉన్నవాళ్లు ఫీజు కట్టే కోర్సులు వెతికే ముందు ఈ దారి కనుక్కోవాలి. ఆప్టోమెట్రీ, నర్సింగ్, మెడికల్ సోషల్ వర్క్, గణాంకశాస్త్రం కూడా నా లెక్కలో మంచి దారులే.

ఈ దారుల్లో దేనికైనా మొదటి మెట్టు మీ దగ్గర పెట్టే కంటి శిబిరం. బడి వరండాలో పొద్దున్నే వరుస కడతారు. పేరు రాయడం, చార్టు దగ్గర నిలబెట్టడం, శుక్లం ఉన్నవాళ్లను మదురై, తిరునెల్వేలి బస్సు ఎక్కించడం, ఇవీ వాలంటీరు పనులు. చుక్కల మందు వేయడం మాత్రం శిక్షణ ఉన్నవాళ్ల పని. ఆపరేషన్ మాట వినగానే సగంమంది అవ్వలు ఇంటికి బయల్దేరతారు. 'మేకల్ని ఎవరు చూస్తారు?' అని అడుగుతారు. అక్కడ ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడే మీ పిల్లే పక్కన కూర్చుని ఒప్పించగలదు. బ్రోచర్‌లో తెల్లకోటు వేసుకున్న కుర్రాడికి అది చేతకాదు.

కాలేజీలో చేరాక జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) ఉంది. రెండేళ్లలో 240 గంటలు, ఫీజు లేదు.

లెక్చరర్లకూ ఒక మాట. శిబిరానికి వచ్చి, జనం వివరాలు రాసుకెళ్లి, ప్రమోషన్‌కు పేపరు అచ్చు వేసుకోవడం సేవ కాదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి అంగీకారం రెండూ ముందే ఉండాలి. స్టాటిస్టిక్స్ విభాగంవారు శిబిరానికి వచ్చినవాళ్లలో రెండో కంటి పరీక్షకు ఎంతమంది తిరిగి రాలేదో, ఏ ఊళ్ల నుంచి రాలేదో లెక్క తీసి నిర్వాహకుల చేతికిస్తే చాలు, వాళ్లకు అంతకన్నా పనికొచ్చేది లేదు.

శిబిరాలు ఎక్కువగా ఆదివారాలే పెడతారు. కోచింగ్ సెంటర్ల వారపు పరీక్షా అదే రోజు. నెలకో పరీక్ష పోతే పోనివ్వండి. సాయంత్రం ఇంటికి రాగానే 'సర్టిఫికెట్ ఇచ్చారా' అని మాత్రం అడక్కండి.