మూత్రగొట్టముతో శస్త్రచికిత్సకు వేచియున్నవారి సంరక్షణ

వయసు మీరిన పురుషులలో కొందరికి ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రము బంధించును. అట్టివారికి వైద్యులు మూత్రాశయములోనికి క్యాథెటర్ అను గొట్టమును పంపి, దానికొక సంచిని తగిలించి, శస్త్రచికిత్సకు తేదీ నిర్ణయించి ఇంటికి పంపుదురు. జనులు దీనిని మూత్రపు పైపు అందురు.

ఇటీవల మేమొక గ్రామమునకు పోయినప్పుడు, అట్టి వృద్ధులొకరు చలిజ్వరముతో మంచము పట్టియుండిరి. మలేరియా యని తలచి ఇంటివారు మాత్రలతో మూడు దినములు గడిపిరి. తుదకు ఆసుపత్రికి చేర్చగా దోషము గొట్టమునందున్నదని తేలెను. ప్రాణము దక్కెను గాని శస్త్రచికిత్స వాయిదా పడెను.

దోషమెట్లు కలుగును?

నీటి గొట్టములో పాచి పట్టినట్లే క్యాథెటర్‌కు లోపలను వెలుపలను సూక్ష్మక్రిములు జిగురుపొరగా పేరుకొనును. ఆ పొరలోనికి మందు చక్కగా చొరదు. గొట్టమున్న ప్రతి దినమును నూటికి 3 నుండి 8 మందికి క్రిములు కొత్తగా చేరును. నెల గడచునప్పటికి దాదాపు అందరి మూత్రమునందును అవి ఉండును.

కావున క్రిములున్నంత మాత్రమున వ్యాధి కాదు. బాధ లేనివారు సొంతముగా యాంటీబయాటిక్ మందులు మ్రింగరాదు. మ్రింగినచో మందునకు లొంగని క్రిములు మిగులును. అయితే ప్రోస్టేటు శస్త్రచికిత్సలో క్రిములు రక్తమున చేరు అపాయము కలదు. అందువలన వైద్యులు ముందుగా మూత్రమునకు కల్చర్ పరీక్ష చేయించి, తగిన మందు నిత్తురు. దానిని చెప్పిన వేళకు తప్పక వాడవలెను.

గుర్తులు, చికిత్స

జ్వరము, వణుకు, పొత్తికడుపులోగాని నడుము ప్రక్కలగాని నొప్పి, వృద్ధులలో హఠాత్తుగా మతి తప్పుట, సంచిలోనికి మూత్రము రాకుండుట - వీనిలో ఏది కనిపించినను ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. గొట్టము వేసి రెండు వారములు దాటినచో వైద్యులు దానిని మార్చి, కొత్త గొట్టమునుండి మూత్రము తీసి పరీక్షింతురు. మందు సాధారణముగా 7 దినములు, గుణము ఆలస్యమైనచో 10 నుండి 14 దినములు వాడవలసియుండును. జ్వరము తగ్గినదని నడుమ మానరాదు.

ఇంటివద్ద జాగ్రత్తలు

గొట్టమును తాకుటకు ముందును తరువాతను సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. సంచి ఎల్లప్పుడు మూత్రాశయమునకు దిగువను ఉండవలెను గాని నేలను తాకరాదు. మంచపు పట్టెకు వ్రేలాడదీయుట మేలు. ఆటోలోగాని బస్సులోగాని ఒడిలో పెట్టుకొనరాదు. సంచి నిండకమునుపే ఖాళీ చేయవలెను. అతుకును ఊరక విప్పరాదు. గొట్టమును లాగరాదు, లోపల దానిని నిలుపు చిన్న బుడగ కలదు, లాగినచో గాయమగును.

సభ్యుల కర్తవ్యము

మీ వార్డులో ఇట్లు వేచియున్నవారెవరో తెలిసికొనుడు. ఆశా కార్యకర్త వారిని చూచుచుండునట్లు చేయుడు. జ్వరము వచ్చిన రాత్రి 108 వాహనమును పిలిపించుడు. మీరు అడిగిన ఒక్క ప్రశ్న ఒక కుటుంబపు పెద్దదిక్కును నిలుపగలదు.