యంత్రం - పనివాడు - మన పిల్లలు

యంత్రాలు వస్తే పనులు పోతాయా అని పదో తరగతి పిల్లలు అడుగుతుంటారు. అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చే ప్రశ్న కాదిది.

మనకు తెలిసిన ఉదాహరణే చూద్దాం. దూదేకుల, నూర్‌బాషా, పింజారి అని ఒక్కో చోట ఒక్కో పేరుతో పిలిచే కుటుంబాలకు దూది ఏకడం తరాల నాటి వృత్తి. భుజాన పెద్ద విల్లు వేసుకుని ఊరూరా తిరిగేవారు. విల్లు తాడును కొయ్యతో కొడితే ఆ అదురుకు ముద్దకట్టిన దూది విడిపోయి మెత్తబడేది. పరుపులు, దిండ్లు కుట్టి ఇచ్చేవారు. తర్వాత కరెంటుతో నడిచే ఏకుడు మిషను వచ్చింది. గమనించండి, అది తీసుకున్నది ఏకే పనినే. కొలత, కుట్టు చేతుల్లోనే మిగిలాయి. కానీ విల్లు పనివాడి సొంతం; మిషను అలా కాదు. అప్పు చేసైనా దాన్ని కొన్నవాడు దుకాణం పెట్టుకున్నాడు. కొనలేనివాడు అదే దుకాణంలో కూలీ అయ్యాడు, లేదా వేరే పని వెతుక్కున్నాడు. ఆపైన ఫోము పరుపులు వచ్చి కుట్టుపనినీ తగ్గించాయి. ఎంత నేర్పరి అయినా దాన్ని ఆపగలిగేవాడు కాదు.

ఇంగ్లండులో 1811లో నాటింగ్‌హామ్ ప్రాంతపు మేజోళ్ల పనివారు మగ్గాలు పగలగొట్టారు. లడ్డైట్లని వారికి పేరు. యంత్రద్వేషులని మనం పాఠంలో చెప్పేస్తాం, అది అన్యాయం. మేజోళ్ల మగ్గం 1589 నాటిది, దానిమీదే వారు బతికారు. వారి కోపం కూలి తగ్గించి, పని రానివారితో నాసిరకం సరుకు తీయించిన యజమానులపైన. 1812లో ప్రభుత్వం ఆ నేరానికి మరణశిక్ష పెట్టింది. కవి బైరన్ ప్రభువుల సభలో ఆ బిల్లును వ్యతిరేకించాడు.

ఇప్పుడు కార్ల ఫ్యాక్టరీల్లో వెల్డింగు, రంగు వేయడం రోబో చేతులు చేస్తున్నాయి. ఒకే తీరుగా తిరిగి తిరిగి చేసే పని ముందు పోతుంది. మిషను బిగించే, మరమ్మతు చేసే పనులు పుడతాయి. అవి పాత పనివాడికే, అతని ఊళ్లోనే దొరుకుతాయన్న హామీ లేదు. కొత్తది నేర్చుకో అని యాభై ఏళ్లవాడికి చెప్పడం తేలిక. నేర్చుకునే ఆ ఆరు నెలలు ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి?

మన సంఘాలు పిల్లల ఫీజులకు సాయం చేస్తాయి, సంతోషం. పని పోయిన తండ్రి ఐటీఐ తరహా శిక్షణకు వెళ్తే ఆ నెలల బియ్యం, అద్దె ఖర్చును కూడా విద్యాసాయంగానే లెక్కించాలని నా అభిప్రాయం. అది నిలబడకపోతే మొదట బడి మానేది పెద్దకొడుకే. హాజరు పట్టీలో ఏటా చూస్తున్నాను.